వేపాకు లోపల బతికే ఫంగస్‌ను బయటికి తీసి, అది దేనికి పనికొస్తుందో తేల్చడం ఎలా?

పచ్చగా నిగనిగలాడే వేపాకును తెంపి వెలుతురులో పెట్టి చూడండి. మచ్చ ఉండదు, కుళ్లు ఉండదు, తెల్లటి బూజు అసలే ఉండదు. అయినా ఆ ఆకు కణాల మధ్య సందుల్లో కంటికి కనిపించని శిలీంధ్ర తంతువులు కాపురం ఉంటాయి. మొక్కకు జబ్బు చేయకుండా మొక్క లోపలే బతికే ఇలాంటి ఫంగస్‌ను ఎండోఫైట్ అంటారు. జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆంటన్ డి బేరీ 1866లోనే ఈ మాట వాడాడు.

ఔషధ మొక్కల లోపలి ఫంగస్ మీద ఇంత ఆసక్తి ఎందుకంటే, వాటిలో కొన్ని మందులాంటి పదార్థాలు తయారు చేస్తాయి. పిప్పలి మొక్కలో దొరికిన పెరికోనియా అనే ఫంగస్ పైపరిన్ తయారు చేస్తుందని 2011లో మన దేశ శాస్త్రవేత్తలు ప్రచురించారు. పిప్పళ్లకు, మిరియాలకు ఆ ఘాటు ఇచ్చేది ఈ పైపరినే. వేపలోంచి తీసిన యూపెనిసీలియం పార్వమ్ అనే ఫంగస్‌లో, వేపగింజల్లో పురుగును అడ్డుకునే అజాడిరక్టిన్ కనిపించిందని 2012లో రాశారు. హోండురాస్‌లో ఒక దాల్చినచెక్క చెట్టు కొమ్మలో దొరికిన మస్కొడార్ ఆల్బస్ అయితే కేవలం తన వాసనతోనే పక్కనున్న ఫంగస్‌ను, బ్యాక్టీరియాను చంపేస్తుంది.

ఇవన్నీ చదివి చాలామంది ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, బోటనీ, బయోటెక్నాలజీ విద్యార్థులు ప్రాజెక్టుకు ఇదే టాపిక్ తీసుకుంటారు. తీసుకోవాలి కూడా. మామూలు కాలేజీ ల్యాబ్‌లో, పెద్ద యంత్రాలు లేకుండా, ఆరు నెలల్లో చేయగలిగిన పని ఇది. నేను వేపను ఉదాహరణగా తీసుకుంటున్నాను, ఎందుకంటే వేపచెట్టు లేని వీధి మనకు లేదు. తిప్పతీగ, నేలవేము, బిళ్లగన్నేరు, అశ్వగంధ, ఏది తీసుకున్నా పద్ధతి ఇదే.

మొదలుపెట్టే ముందు రెండు ప్రశ్నలు నోటుబుక్ మొదటి పేజీలో రాసుకోండి. ఈ ఫంగస్ నిజంగా ఆకు లోపలిదేనా, పైన పడ్డ దుమ్ములోదా? ఈ గుణం నిజంగా ఫంగస్‌దేనా, మనం పోసిన మీడియాదా, అంటే ఫంగస్‌కు పెట్టే ఆహారానిదా, సారం తీసే సాల్వెంట్‌దా? ఈ రెండింటికీ ప్లేట్ మీద జవాబు చూపించగలిగితే మీ ప్రాజెక్టు నిలబడుతుంది.

నేను మొదటిసారి చేసినప్పుడు 60 వేపాకు ముక్కలు పెట్టాను. మూడో రోజుకే దాదాపు అన్నిటి మీదా పచ్చగా, నల్లగా పొడిపొడిగా కాలనీలు వచ్చాయి. చాలా సంతోషపడ్డాను. వాటిని విడదీసి, పేర్లు పెట్టి, రెండు నెలలు పరీక్షలు చేశాను. ఆఖరికి ఒక సీనియర్ ప్లేట్లు చూసి, "చివరి కడుగు నీళ్ల ప్లేట్ ఏది?" అని అడిగారు. నేను అది వేయలేదు. మళ్లీ మొదటి నుంచి చేస్తే కడిగిన నీళ్లలోనే అదే ఆస్పర్జిల్లస్ వచ్చింది. రెండు నెలలూ నేను పరీక్షించింది వేపాకు మీది దుమ్మును. అందుకే శుభ్రం చేసే భాగం కింద కాస్త ఎక్కువగా రాశాను.

ఏ ఆకు, ఎప్పుడు కోయాలి

ఉగాది నాటి లేత చిగుళ్లు వద్దు. వేప లాంటి చెట్లలో ఈ ఫంగస్ ఎక్కువగా తల్లిచెట్టు నుంచి విత్తనంలోకి రాదు. గాలిలో, వాన తుంపరలో వచ్చే స్పోర్ల ద్వారా ప్రతి కొత్త ఆకులోకీ కొత్తగా చేరుతుంది. కొత్త చిగురు దాదాపు ఖాళీగా పుడుతుంది, నెలలు గడిచేకొద్దీ నిండుతుంది. కాబట్టి నాలుగు వానలు పడ్డాక, ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య ముదురు ఆకులు కోయండి. ఎండాకాలంలో కోసిన వాటితో పోలిస్తే వానాకాలం ఆకుల్లో ఎక్కువ ఫంగస్ వస్తుంది.

మచ్చ, పురుగు కొరుకుడు, ముడత లేని ఆకులే తీసుకోండి. జబ్బు ఆకులోంచి వచ్చేది రోగకారకం కావచ్చు. కనీసం మూడు చెట్ల నుంచి, ఒక్కో చెట్టుకు వేర్వేరు దిక్కుల కొమ్మల నుంచి ఆకుల్ని రెమ్మతో సహా కోయండి. వేలు మందం ఉన్న కొమ్మ ముక్కలు కూడా తీసుకుంటే మంచిది, బెరడులో ఉండే ఫంగస్ ఆకులో దొరక్కపోవచ్చు. కాగితం కవర్‌లో వేసి, చెట్టు గుర్తు, తేదీ, ఊరు రాసి, అదే రోజు ల్యాబ్‌కు చేర్చండి. ప్లాస్టిక్ కవర్‌లో వేస్తే చెమ్మ పట్టి పైనున్న బూజు పెరుగుతుంది. తప్పనిసరైతే 4 డిగ్రీల దగ్గర ఫ్రిజ్‌లో పెట్టి 24 గంటలలోపు పని ముగించండి.

రోడ్డు పక్కన చెట్టయితే దుమ్ము ఎక్కువ. ఊరి చివర, పొలం గట్టు మీద చెట్టు దొరికితే అదే తీసుకోండి.

మీడియా

పొటాటో డెక్స్‌ట్రోజ్ అగర్, అంటే పీడీఏ, చాలు. రెడీమేడ్ పొడి అయితే లీటరు నీటికి 39 గ్రాములు. సొంతంగా చేసుకుంటే 200 గ్రాముల బంగాళాదుంప ముక్కలు ఉడికించి వడకట్టిన నీరు, 20 గ్రాముల డెక్స్‌ట్రోజ్, 15 గ్రాముల అగర్, మొత్తం లీటరుకు చేర్చండి. 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఆటోక్లేవ్, అంటే ఒత్తిడిలో ఆవిరితో సూక్ష్మజీవులను చంపడం. 90 మిల్లీమీటర్ల ప్లేట్‌కు 20 మి.లీ. చొప్పున పోస్తే లీటరుకు 50 ప్లేట్లు వస్తాయి.

బ్యాక్టీరియా రాకుండా యాంటీబయాటిక్ కలపాలి. క్లోరాంఫెనికాల్ వేడికి తట్టుకుంటుంది, లీటరుకు 100 మిల్లీగ్రాములు ముందే కలిపి ఆటోక్లేవ్ చేయొచ్చు. స్ట్రెప్టోమైసిన్ వాడితే మాత్రం మీడియా చేతికి ఓర్చుకోగల వేడికి దిగాక, 45 నుంచి 50 డిగ్రీల మధ్య కలపండి. మరుగుతున్న దాంట్లో వేస్తే మందు చెడిపోతుంది, ప్లేట్ నిండా జిగట బ్యాక్టీరియా వస్తుంది.

పైభాగాన్ని శుభ్రం చేయడం

ఇక్కడ తొందర పనికిరాదు. ఎక్కువ కడిగితే మందు లోపలికి ఇంకి లోపలి ఫంగస్ చచ్చిపోతుంది. తక్కువ కడిగితే పైదే వస్తుంది. ఎంతసేపు కడగాలో ఏ పుస్తకమూ మీ చెట్టుకు సరిపడేలా చెప్పలేదు. ముందు పదేసి ముక్కలతో మూడు వేర్వేరు సమయాలు పరీక్షించి, ఏది సరిపోయిందో దాన్నే ఖాయం చేసుకోండి. నేను మొదలుపెట్టే లెక్క ఇది.

కుళాయి కింద ఆకును పది నిమిషాలు కడగండి. వేళ్లతో మెల్లగా రుద్దండి, ఆకు చిరగకూడదు. ఒక్కో చిన్న ఆకును దాని కాడతో సహా ఉంచండి, ఇప్పుడే ముక్కలు చేయొద్దు. కోసిన అంచు ఉంటే హైపోక్లోరైట్ అక్కడి నుంచి లోపలికి చేరి, మీకు కావలసిన దాన్నే చంపుతుంది. ఇక మీదటి పనంతా లామినార్‌లోనే, అంటే వడకట్టిన శుభ్రమైన గాలి వీచే పని పెట్టెలోనే.

ముందు 70 శాతం ఆల్కహాల్‌లో ఒక నిమిషం. 95 శాతం ఆల్కహాల్ 74 మి.లీ. తీసుకుని స్టెరైల్ నీటితో 100 మి.లీ.కు పెంచితే సరిపోతుంది. వేపాకు మీద మైనపు పొర ఉంటుంది కాబట్టి నీటి మందు దాని మీద నిలవదు, తామరాకు మీద నీళ్లలా జారిపోతుంది. ఆల్కహాల్ ఆ పొరను తడిపి, తర్వాత వేసే మందు అంటుకునేలా చేస్తుంది.

తర్వాత 2 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో ఆకులకు 3 నిమిషాలు, కొమ్మ ముక్కలకు 5 నిమిషాలు. బీకర్‌ను తిప్పుతూ ఉండండి, ఆకులు ఒకదానికొకటి అంటుకుని ఉంటే మధ్యలో మందు తగలదు. ల్యాబ్‌లోని సీసా మీద 4 శాతం అని ఉంటే సమానంగా నీళ్లు కలపాలి. కానీ ఆ సీసా ఎప్పుడు తెరిచారో చూడండి. వెలుతురులో, మూత సరిగా లేకుండా ఉన్న హైపోక్లోరైట్ బలం నెలల్లోనే తగ్గిపోతుంది. నా మొదటి విడత పాడవడానికి అది కూడా ఒక కారణం. ఇంకో మాట, హైపోక్లోరైట్‌ను ఏ యాసిడ్‌తోనూ కలవనివ్వొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

మళ్లీ 70 శాతం ఆల్కహాల్‌లో 30 సెకన్లు. ఆ తర్వాత స్టెరైల్ డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు, ఒక్కోసారి ఒక నిమిషం. మూడోసారి కడిగిన నీళ్లు పారబోయొద్దు. స్టెరైల్ ఫిల్టర్ పేపర్ మీద ఆకును ఆరబెట్టండి. ఆల్కహాల్ బీకర్ పక్కనే స్పిరిట్ ల్యాంప్ పెట్టుకోవద్దు, చేతులు కాల్చుకున్న విద్యార్థులను చూశాను.

లోపలిదే అని రుజువు చేసే ప్లేట్లు

ప్రతి విడతకూ మూడు ప్లేట్లు అదనంగా వేయండి. మూడోసారి కడిగిన నీళ్లలోంచి 100 మైక్రోలీటర్లు తీసి ఒక పీడీఏ ప్లేట్ మీద పరవండి. ఇంకో ప్లేట్ మీద శుభ్రం చేసిన పూర్తి ఆకును మెత్తగా అద్ది, ఒక నిమిషం ఉంచి తీసేయండి. ఆకు అచ్చు మాత్రం మీడియా మీద మిగలాలి. మూడోది ఏమీ వేయకుండా, మీరు పని చేసినంతసేపూ లామినార్‌లో మూత తీసి ఉంచిన ప్లేట్.

ఈ మూడూ మీ అసలు ప్లేట్లతోపాటే ఇంక్యుబేటర్‌లో ఉండాలి. మూడూ ఖాళీగా ఉంటేనే ఆ విడత లెక్కలోకి వస్తుంది. అచ్చు ప్లేట్ మీద ఒక్క కాలనీ వచ్చినా ఆ విడత మొత్తం పక్కన పెట్టి, మళ్లీ కడగండి. బాధగానే ఉంటుంది, కానీ ఆ ఒక్క ప్లేట్ ఫొటో మీ థీసిస్‌లో అన్నిటికంటే విలువైన ఫొటో. వైవాలో ఎవరైనా మొదట అడిగేది దాని గురించే.

ముక్కలు పెట్టడం, కనిపెట్టుకుని ఉండటం

శుభ్రమైన ఆకు అంచుల్ని స్టెరైల్ బ్లేడుతో తీసేసి, మధ్య భాగాన్ని అర సెంటీమీటరు ముక్కలుగా కోయండి. మధ్య ఈనె, ఆకు పలక, కాడ, బెరడు విడివిడిగా పెట్టండి. ప్లేట్‌కు ఐదు ముక్కలు, మధ్యలో దూరం ఉంచి, మీడియాలోకి కొంచెం నొక్కండి. పారాఫిల్మ్ చుట్టి 25 నుంచి 28 డిగ్రీల దగ్గర ఉంచండి. మన దగ్గర ఎండాకాలంలో గది వేడి 35 దాటుతుంది కాబట్టి ఇంక్యుబేటర్ లేకుండా ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోవద్దు.

రెండో రోజు వరకు ఏమీ కనిపించదు. మూడో రోజో, నాలుగో రోజో ప్లేట్‌ను తిరగేసి, లైట్‌కు అడ్డంగా పట్టుకుని చూడండి. ఈనె తెగిన చోట సాలెపురుగు దారం కంటే సన్నగా నాలుగైదు పోగులు మీడియాలోకి పాకుతూ కనిపిస్తాయి. అది కోసిన అంచు నుంచి రావాలి. ఆకు పైతలం మధ్యలోంచి పొడిగా లేస్తే అనుమానించండి. మొదటిసారి ఆ పోగుల్ని చూసినప్పుడు కలిగే ఆనందం మాటల్లో చెప్పలేను. అంతవరకు అది చెట్టులో దాగి ఉన్న జీవి.

ప్రతిరోజూ చూడండి. త్వరగా పెరిగేవి రెండు రోజుల్లో ప్లేట్ మొత్తం కమ్మేసి, నెమ్మదిగా వచ్చేవాటిని నొక్కేస్తాయి. పోగు కనిపించిన రోజే దాని చివరను, మిల్లీమీటరు కంటే చిన్న ముక్కగా, సూదితో కోసి కొత్త ప్లేట్‌కు మార్చండి. చివర తీసుకుంటే ఒకే ఫంగస్ వస్తుంది, మధ్యలోంచి తీస్తే రెండు కలిసి రావచ్చు. వారం రోజులకే ప్లేట్లు పారేయడం పెద్ద పొరపాటు. బెరడు ముక్కల్లోంచి మూడో వారంలో కూడా కొత్తవి వస్తాయి, అరుదైనవి తరచుగా అవే. నాలుగు వారాలు ఓపిక పట్టండి.

లెక్క సులువు. 100 ముక్కలు పెడితే 62 ముక్కల్లోంచి ఫంగస్ వచ్చిందనుకుందాం, కాలనైజేషన్ 62 శాతం. ఈనెకు, పలకకు, బెరడుకు విడిగా లెక్క వేసి పట్టిక చేయండి.

విడదీసిన వెంటనే, పరీక్షలకంటే ముందు, ప్రతిదాన్నీ దాచండి. స్లాంట్ (ఏటవాలుగా గడ్డకట్టిన అగర్ ఉన్న గొట్టం) మీద పెంచి 4 డిగ్రీల దగ్గర ఒకటి, అగర్ ముక్కల్ని స్టెరైల్ నీటి వయల్‌లో వేసి ఇంకొకటి, వీలుంటే 20 శాతం గ్లిజరాల్‌లో మైనస్ 80 దగ్గర మరొకటి. ఇలా చెప్పడానికి కారణముంది. ఎండోఫైట్‌ను చెట్టు నుంచి దూరం చేసి, ప్లేట్ నుంచి ప్లేట్‌కు మారుస్తూ పోతే చాలాసార్లు అది ఆ పదార్థం తయారు చేయడం తగ్గించేస్తుంది. క్యాంప్టోథెసిన్ అనే క్యాన్సర్ మందు పదార్థాన్ని తయారు చేసే ఫ్యుసేరియం సొలానీలో ఇది స్పష్టంగా చూశారు. ఏడో తరం కల్చర్‌లో ఏమీ రాకపోతే మొదటి తరం మీ ఫ్రిజ్‌లో ఉండాలి.

పేరు తేల్చడం

కాలనీ రంగు ముందు వైపు, వెనక వైపు రాసుకోండి. లాక్టోఫినాల్ కాటన్ బ్లూ వేసి స్లైడ్ చూడండి. ఐదు గదులతో, చివర సన్నటి వెంట్రుకల్లాంటి కొమ్ములతో స్పోర్లు ఉంటే పెస్టలోటియాప్సిస్ కావచ్చు. నల్లగా, గుండ్రంగా, నున్నగా ఒంటరి స్పోర్లు ఉంటే నైగ్రోస్పోరా. వంకర తిరిగిన ముదురు రంగు స్పోర్లయితే కర్వులేరియా. వేపలో ఇవి తరచుగా వస్తాయి, వీటితోపాటు ఫోమోప్సిస్, కొల్లెటోట్రైకమ్ కూడా.

కొన్నిటికి స్పోర్లే రావు, తెల్లటి దూదిలా పెరుగుతాయి అంతే. ఆటోక్లేవ్ చేసిన వేప పుల్లల్ని ప్లేట్ మీద పెట్టి మూడు వారాలు ఉంచితే కొన్ని స్పోర్లు ఇస్తాయి. అప్పటికీ రాకపోతే డీఎన్ఏ దారి. ఫంగస్ డీఎన్ఏలో ఐటీఎస్ అనే భాగాన్ని ఐటీఎస్-1, ఐటీఎస్-4 ప్రైమర్లతో పీసీఆర్ చేసి, అంటే కాపీలుగా పెంచి, సీక్వెన్సింగ్‌కు పంపండి. 2012 నుంచి ఫంగస్‌కు ఐటీఎస్‌నే ప్రామాణిక బార్‌కోడ్‌గా వాడుతున్నారు. కానీ బ్లాస్ట్‌లో (డీఎన్ఏ వరుసను డేటాబేస్‌తో పోల్చే సాధనం) మొదట వచ్చిన పేరును అలాగే రాసేయొద్దు. ఫ్యుసేరియం, కొల్లెటోట్రైకమ్, ఫోమోప్సిస్ లాంటి వాటిలో ఐటీఎస్ ఒక్కటే జాతి పేరు తేల్చలేదు. అలాంటప్పుడు ప్రజాతి పేరు రాసి ఆపడమే నిజాయితీ.

గుణాలు పరీక్షించడం

ఖర్చు లేని పరీక్షతో మొదలుపెట్టండి. డ్యూయల్ కల్చర్ అంటే ఒక ప్లేట్‌లో ఒక అంచున మీ ఎండోఫైట్, ఎదురు అంచున తెగులు ఫంగస్, రెండూ 5 మిల్లీమీటర్ల ముక్కలు. మనకు పనికొచ్చే తెగులునే ఎంచుకోండి. మిరపలో కాయకుళ్లు తెచ్చే కొల్లెటోట్రైకమ్, వేరుశనగలో మొదలు కుళ్లించే స్క్లెరోషియం, కందిలో ఎండుతెగులు తెచ్చే ఫ్యుసేరియం, వీటిలో ఏదైనా సరే. తెగులు ఫంగస్ ఒక్కటే ఉన్న ప్లేట్ కంట్రోల్. కంట్రోల్‌లో అది 40 మిల్లీమీటర్లు పెరిగి, మీ ఎండోఫైట్ ఎదురుగా 16 మిల్లీమీటర్లే పెరిగితే, తేడా 24ను 40తో భాగించి 100తో గుణించండి. 60 శాతం అడ్డుకుందని అర్థం.

శాతం ఒక్కటే రాసి వదిలేయకండి. రెండింటి మధ్య ఖాళీ గీత ఉందా? ఉంటే ఏదో పదార్థం మీడియాలోకి వదులుతోంది. తాకిన తర్వాత ఒకదాని మీద ఒకటి ఎక్కిందా? అయితే అది చోటు కోసం పోటీ, మందు కాదు. మస్కొడార్‌లా వాసనతో పని చేస్తుందేమో చూడాలంటే ప్లేట్ మధ్యలో రెండు సెంటీమీటర్ల వెడల్పు అగర్ పట్టీని పూర్తిగా తీసేయండి. రెండు వైపులా ఫంగస్‌లు వేరువేరు దీవుల్లా ఉంటాయి, మధ్యలో గాలి తప్ప దారి లేదు. అప్పుడు కూడా ఎదుటిది ఆగితే అది ఆవిరి పనే.

ఎంజైములకు కూడా ప్లేట్ చాలు. పిండిపదార్థం కలిపిన అగర్ మీద పెంచి అయోడిన్ పోస్తే, అమైలేజ్ ఉన్న చోట నీలం బదులు తేటగా ఉంటుంది. పాలపొడి అగర్ మీద తేట వలయం వస్తే ప్రోటియేజ్. సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్) అగర్ మీద కాంగో రెడ్ పోసి ఉప్పు ద్రావణంతో కడిగితే సెల్యులేజ్ వలయం కనిపిస్తుంది. పికోవ్‌స్కాయా అగర్ మీద తేట వలయం వస్తే నేలలో కరగని ఫాస్ఫేట్‌ను కరిగించగలదని అర్థం, వ్యవసాయానికి ఆసక్తికరమైన గుణం.

ఆ తర్వాత సారం తీయడం. 500 మి.లీ. ఫ్లాస్కులో 200 మి.లీ. పొటాటో డెక్స్‌ట్రోజ్ బ్రాత్, దాంట్లో మూడు అగర్ ముక్కలు వేసి, కదపకుండా 21 రోజులు. పక్కనే ఫంగస్ వేయని ఫ్లాస్కు ఒకటి, అన్ని రోజులూ, అదే గదిలో. నాలుగు మడతల పలుచని గుడ్డతో వడకట్టి, ఆ ద్రవానికి సమానంగా ఈథైల్ ఎసిటేట్ పోసి సెపరేటింగ్ ఫన్నెల్‌లో కుదపండి. మధ్యమధ్య గ్యాస్ వదలండి. ఈథైల్ ఎసిటేట్ పై పొరలో ఉంటుంది. మధ్యలో నురగలా తెట్టు కడితే చిటికెడు ఉప్పు వేసి కాసేపు ఆగండి. మూడుసార్లు తీసి, నీరులేని సోడియం సల్ఫేట్ మీద ఆరబెట్టి, రోటరీ ఎవాపరేటర్‌లో 40 డిగ్రీల దగ్గర ఇంకించండి. వయల్ ఖాళీ బరువు ముందే చూసుకోవాలి, లేకపోతే సారం బరువు ఎప్పటికీ తెలియదు.

బ్యాక్టీరియా మీద పరీక్షకు సారాన్ని డీఎంఎస్ఓ అనే ద్రావకంలో మి.లీ.కు 10 మిల్లీగ్రాముల చొప్పున కరిగించండి. 6 మిల్లీమీటర్ల డిస్క్ మీద 20 మైక్రోలీటర్లు వేస్తే 200 మైక్రోగ్రాములు పడినట్టు. ముల్లర్ హింటన్ అగర్ మీద స్టెఫైలోకాకస్ ఆరియస్, ఇ.కోలై రెండూ పెట్టండి. ఇ.కోలై లాంటి గ్రామ్ నెగటివ్ వాటికి బయటి పొర అడ్డుగా ఉంటుంది కాబట్టి వాటి మీద వలయం చిన్నగా వచ్చినా, రాకపోయినా ఆశ్చర్యపోవద్దు. ప్రతి ప్లేట్‌లోనూ మీ సారంతోపాటు మూడు డిస్కులు ఉండాలి, డీఎంఎస్ఓ మాత్రమే, ఫంగస్ వేయని బ్రాత్ నుంచి తీసిన సారం, తెలిసిన యాంటీబయాటిక్. సారం తీయకుండా వడకట్టిన ద్రవాన్నే నేరుగా వాడితే దాని పీహెచ్ చూడండి. ఫంగస్ ఆమ్లాలు వదిలి ఉంటే, పుల్లదనానికే బ్యాక్టీరియా ఆగిపోయి ఉండొచ్చు.

యాంటీఆక్సిడెంట్‌కు డీపీపీహెచ్ అనే రసాయనంతో పరీక్ష. 100 మి.లీ. మెథనాల్‌లో 3.94 మిల్లీగ్రాముల డీపీపీహెచ్ వేస్తే 0.1 మిల్లీమోలార్ ఊదారంగు ద్రావణం వస్తుంది. సారం కలిపి చీకట్లో 30 నిమిషాలు ఉంచి, 517 నానోమీటర్ల దగ్గర చదవండి. ఊదా రంగు పసుపుకు తిరిగేకొద్దీ గుణం ఎక్కువ. ఇక్కడ ఫంగస్ వేయని బ్రాత్ కంట్రోల్ మరీ ముఖ్యం. చక్కెర ఉన్న మీడియా ఆటోక్లేవ్‌లో కొంచెం గోధుమరంగుకు తిరుగుతుంది, ఆ పదార్థాలకే యాంటీఆక్సిడెంట్ గుణం ఉంటుంది. ఆ కంట్రోల్ లేని 70 శాతాన్ని నేను నమ్మను. సారానికే ముదురు రంగు ఉంటే డీపీపీహెచ్ లేని బ్లాంక్ కూడా చదివి తీసేయండి.

చెట్టు మందు ఫంగస్‌లో కనిపించిందంటే

వేప ఫంగస్‌లో అజాడిరక్టిన్ లాంటిది కనిపిస్తే మనసు పొంగిపోతుంది. అప్పుడు ట్యాక్సాల్ కథ గుర్తుచేసుకోండి. అమెరికాలో మోంటానా రాష్ట్రపు యూ చెట్టు బెరడులోంచి తీసిన ఫంగస్ ట్యాక్సాల్ తయారు చేస్తుందని 1993లో స్టియర్లే, స్ట్రోబెల్ బృందం ప్రకటించింది. ఆ ఫంగస్‌కు ట్యాక్సోమైసిస్ ఆండ్రియానే అని పేరు పెట్టారు. క్యాన్సర్ మందు కోసం చెట్లు కొట్టక్కర్లేదన్న ఆశ ప్రపంచమంతా పాకింది. కానీ లీటరుకు వచ్చింది నానోగ్రాముల్లోనే. 2013లో ఇంకో బృందం అదే ఫంగస్‌ను మళ్లీ పరీక్షించి, అది సొంతంగా ట్యాక్సాల్ తయారు చేస్తుందనడానికి ఆధారం దొరకలేదని రాసింది.

కాబట్టి మీ ప్లేట్‌లో చెట్టు పదార్థం కనిపిస్తే ముందు అడగాల్సింది, అది ఆకు ముక్క నుంచి అంటుకుని వచ్చిందా అని. మూడు నాలుగు తరాలు మార్చిన కల్చర్‌లో, కొత్త బ్రాత్‌లో మళ్లీ చూడండి. పలుచని పొర క్రోమటోగ్రఫీలో ఒకే ఎత్తులో మచ్చ వచ్చినంత మాత్రాన అదే పదార్థం కాదు, మాస్ స్పెక్ట్రమ్ కావాలి.

మంచి ఫంగస్ ఎప్పుడూ మంచిదే కాదు

2021లో తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి మాడిపోయి, ఊళ్లకు ఊళ్లు ఎర్రబడ్డ వేపల్ని చూసి భయపడ్డాయి. కారణమని శాస్త్రవేత్తలు చెప్పింది ఫోమోప్సిస్ అజాడిరక్టే. అదే ఫోమోప్సిస్ ప్రజాతి ఫంగస్‌లు ఆరోగ్యంగా ఉన్న వేపాకుల్లోంచి కూడా వస్తాయి. లోపల ఊరుకున్నది, చెట్టు బలహీనపడితే తిరగబడొచ్చు. అందుకే మీ ఎండోఫైట్‌ను పొలంలో వాడొచ్చని రాసేముందు, కడిగిన మిరపకాయకు సూదితో గుచ్చి, ఒక ముక్క పెట్టి, తడి డబ్బాలో వారం ఉంచండి. కాయ కుళ్లితే అది రైతుకు ఇచ్చే ఫంగస్ కాదు.

ఆస్పర్జిల్లస్, ఫ్యుసేరియం, ఆల్టర్నేరియాలలో విషాలు చేసేవి ఉన్నాయి. వేపలోంచి వచ్చింది కదా అని ఏ ఎండోఫైట్ సారాన్నీ తాగొద్దు, పుండు మీద రాయొద్దు, ఇంట్లో ఎవరికీ ఇవ్వొద్దు. ప్లేట్లు వాసన చూడొద్దు. పారేసే ముందు ప్రతి ప్లేట్ ఆటోక్లేవ్ కావాలి.

అనుమతి, లేబుల్

మీ కాలేజీ ఆవరణలో వేపకు సమస్య లేదు. అడవిలో మొక్క కోయాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోండి. శేషాచలం ఎర్రచందనం లాంటి రక్షిత చెట్ల జోలికి అనుమతి లేకుండా వెళ్లనే వద్దు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం, 2023 సవరణతో సహా, చెట్టుకే కాదు దానిలోని సూక్ష్మజీవికి కూడా వర్తిస్తుంది. కల్చర్‌ను విదేశీ ల్యాబ్‌కు పంపాలన్నా, పేటెంట్‌కు వెళ్లాలన్నా చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నిబంధనలు ముందే చదవండి. పని ముగిశాక మంచి కల్చర్లను పుణెలోని జాతీయ ఫంగల్ కల్చర్ కలెక్షన్‌లోనో, చండీగఢ్‌లో సూక్ష్మజీవుల కల్చర్లు దాచే ఎంటీసీసీలోనో జమ చేసి నంబరు తీసుకోండి.

వయల్ మీద లేబుల్ పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా ఆల్కహాల్ తగిలితే చెరిగిపోతుంది. చెట్టు గుర్తు, ఊరు, కోసిన తేదీ, ఈనెనా పలకా బెరడా, ఎన్నో తరం కల్చర్, ఆ విడత అచ్చు ప్లేట్ నంబరు. ఉదాహరణకు: వేప-3, ఈనె, ముక్క 14, మొదటి తరం, అచ్చు ప్లేట్ 6, ఖాళీ.